బుట్టలో పాముకు ఆకలి వేయదా?



ముందుగా నేను చేసిన ఒక తప్పు చెబుతాను. 1982లో నేను కావలిలో ఏడో తరగతి చదువుతున్నాను. వాన వెలిసిన ఒక సాయంత్రం కాలువ గట్టున జానెడు పొడవున్న పాముపిల్ల కనబడింది. ఒళ్ళంతా చదరంగం బల్ల మీది గళ్ళలాంటి మచ్చలు. దాన్ని నీరుకట్టె అంటారనీ, దానికి విషం ఉండదనీ పెద్దవాళ్ళు చెప్పగా విని ఉన్నాను. ఇంటికి తెచ్చి ఖాళీ హార్లిక్స్ సీసాలో పెట్టాను. మూతకు మేకుతో కన్నాలు పొడిచాను. ఇంట్లో తెలిస్తే వీపు పగులుతుందని గడ్డివాము వెనక దాచాను.

దానికి తిండి ఏం పెట్టాలి? నాకు తెలిసింది ఒక్కటే. నాగుల చవితికి మా అమ్మ పుట్టలో పాలు పోసేది. పాములవాడు వీధిలోకి వస్తే అందరూ గిన్నెలతో పాలు తెచ్చేవాళ్ళు. కాబట్టి పాము పాలు తాగుతుంది! కలంలో సిరా పోసే ఫిల్లరుతో రోజూ నాలుగు చుక్కల పాలు దాని నోట్లో వేశాను. అది మెల్లగా కదిలేది, నాలుక ఆడించేది. బాగానే ఉందనుకున్నాను. పదకొండో రోజు ఉదయం చూస్తే కదల్లేదు.

అప్పుడు నాకు రెండు ప్రశ్నలు పుట్టాయి. పాలు పోసినా అది ఎందుకు చచ్చిపోయింది? అసలు తిండే కాని తిండితో పది రోజులు ఎట్లా బతికింది? జవాబు తెలియటానికి చాలా ఏళ్ళు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని ఇప్పుడు చెబుతున్నాను.

పాలు ఎవరి ఆహారం?

క్షీరదాలు అనే మాట మీ పాఠాల్లో చదివే ఉంటారు. క్షీరం అంటే పాలు. పిల్లలకు పాలిచ్చి పెంచేవి క్షీరదాలు. ఆవు, పిల్లి, గబ్బిలం, తిమింగలం, మనిషి, అన్నీ ఈ తరగతిలోవే. పాము ఈ తరగతిది కాదు. అది సరీసృపం. తల్లిపాముకు పొదుగు లేదు, పాలు లేవు. నాగుపాము పిల్ల గుడ్డు పెంకు చీల్చుకుని బయటికి వచ్చిన తరువాత దానికి ఎవరూ తిండి తెచ్చి పెట్టరు. తన వేట తానే వెతుక్కోవాలి. 

పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని విడగొట్టటానికి లాక్టేజ్ అనే ఎంజైము కావాలి. పాలు తాగి పెరిగే క్షీరదాల పేగుల్లో అది తయారవుతుంది. పాములకు తరతరాలుగా ఆ అవసరమే రాలేదు. అందువల్ల పాము కడుపులో పడిన పాలు జీర్ణం కావు. బలవంతంగా పోస్తే అవి గాలిగొట్టంలోకి జారి ఊపిరితిత్తులను కూడా పాడుచేస్తాయి. నేను ఫిల్లరుతో చేసిన సేవ ఇదీ!

జెర్రిపోతు రాత్రివేళ ఆవు కాళ్ళను చుట్టుకుని పొదుగులో పాలు తాగుతుందని మన పల్లెల్లో అంటారు. కొంచెం ఆలోచించండి. పీల్చటానికి మెత్తని పెదవులు, బుగ్గలు కావాలి. పాముకు అవి లేవు. ఉన్నవల్లా లోపలికి వంగిన సూదుల్లాంటి పళ్ళు. అవి పొదుగుకు గుచ్చుకుంటే ఏ ఆవైనా ఊరుకుంటుందా? జెర్రిపోతు పశువుల కొట్టంలోకి వచ్చే మాట నిజమే. అయితే అది వచ్చేది గడ్డిలో కాపురమున్న ఎలుకల కోసం.

"మరి పాములవాడి నాగుపాము పాలు తాగటం మా తాత కళ్ళారా చూశాడే!" అంటారేమో. చూసింది అబద్ధం కాదు. ఆ సంగతికి తరువాత వద్దాం.

ఏ పాము ఏం తింటుంది?

ప్రపంచంలో సుమారు 4,000 జాతుల పాములు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా శాకాహారి కాదు. ఆకు, పండు, గింజ, అన్నం, ఏదీ తినే పాము లేదు. అట్లాగని అన్ని పాములూ ఒకే ఆహారం తినవు.

మన వరిపొలాల్లో తిరిగే జెర్రిపోతు ఎలుకలను, కప్పలను, పక్షులను తింటుంది. నాగుపాము ఎలుకలతో పాటు కప్పలను, ఇతర పాములను కూడా మింగుతుంది. కట్లపాముకు సాటి పాములంటే చాలా ఇష్టం. రాచనాగు ముఖ్యాహారం పాములే. కాలువల్లో, చెరువుల్లో ఉండే నీరుకట్టెకు చేపలు, కప్పలు కావాలి. దాని పిల్లలు తోకకప్పలను, చిన్న చేపలను పడతాయి. ఇసుక నేలల్లో ఉండే చిన్న పింజర బల్లులను, కప్పలను, తేళ్ళను, జెర్రులను సైతం తింటుంది. వానపామంత ఉండే గుడ్డిపాము చీమల, చెదపురుగుల గుడ్లతో, పిల్లపురుగులతో కడుపు నింపుకుంటుంది.

మన తీరానికి వస్తే, తుమ్మలపెంట, జువ్వలదిన్నె వంటి ఊళ్ళ మత్స్యకారులను అడగండి. వలలో చేపలతో పాటు అప్పుడప్పుడు సముద్రపు పాములు కూడా వస్తాయి. వాటి తిండి చేపలే. మూతి కిందికి వంగిన ఒక జాతి సముద్రపు పాము జెల్లచేపలను ముళ్ళతో సహా మింగుతుంది.

ఆఫ్రికాలో ఒక పాము పక్షుల గుడ్లు తప్ప మరేమీ తినదు. గుడ్డును మింగిన తరువాత దాని వెన్నుపూసల నుండి గొంతులోకి పొడుచుకు వచ్చిన ముళ్ళు పెంకును పగలగొడతాయి. సొన లోపలికి పోతుంది. నలిగిన పెంకును అది బయటికి కక్కేస్తుంది.

కనుక "పాముకు ఏం పెట్టాలి?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. "ఏ పాముకు?" అని ముందు అడగాలి. చేపలు తినే పాము ముందు ఎలుకను పెడితే, అది ఆ ఎలుక పక్కనే ఆకలితో చావవచ్చు.

చేతులు లేవు, నమిలే పళ్ళు లేవు

పాముకు ఎరను పట్టుకోవటానికి చేతులు లేవు. చీల్చటానికి గోళ్ళు లేవు. నమలటానికి దంతాలు లేవు. పైగా తన తలకన్నా లావైన జంతువును మింగాలి. ఎట్లా?

ముందు ఎర జాడ తెలియాలి. పాము నాలుకను మాటిమాటికీ బయటికి చాచటం చూసి అది బెదిరిస్తున్నదనుకుంటాం. నిజానికి అది వాసన చూస్తున్నది. గాలిలోని వాసన కణాలు చీలిన నాలుకకు అంటుకుంటాయి. నోటి పైభాగంలో ఉండే జేకబ్సన్ అవయవం వాటిని గుర్తిస్తుంది. కొండచిలువకు మరొక సదుపాయం ఉన్నది. దాని పెదవుల అంచున ఉన్న గుంటలు ఎలుక ఒంటి వేడిని చీకట్లో కూడా పసిగడతాయి.

తరువాత ఎరను లొంగదీయాలి. విషసర్పాలకు విషం ఉన్నది. విషమంటే మార్పు చెందిన లాలాజలమే. అది మొదట వేట కోసం, ఆ తరువాతే ఆత్మరక్షణ కోసం. కొండచిలువ ఎరను చుట్టి బిగిస్తుంది. ఊపిరి ఆడక ఎర చస్తుందని చాలాకాలం అనుకున్నారు. 2015లో అమెరికా పరిశోధకులు బోవా అనే పాము మీద ప్రయోగం చేసి, ఆ బిగింపుకు ముందుగా ఆగేది రక్తప్రసరణ అని తేల్చారు.

ఇక మింగటం. మీ గడ్డం మధ్యన వేలు పెట్టి చూడండి. కింది దవడ రెండు సగాలూ ఒకే ఎముకగా అతికి ఉంటాయి. పాముకు అట్లా అతకలేదు. వాటి మధ్య రబ్బరులాగా సాగే కండర బంధనం ఉన్నది. కుడి దవడ, ఎడమ దవడ విడివిడిగా కదులుతాయి. బిగుతైన మేజోడును ఎట్లా తొడుగుతారు? ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు లాగుతూ కాలి మీదికి ఎక్కిస్తారు. పాము కూడా తన నోటిని అట్లాగే ఎర మీదికి ఎక్కిస్తుంది. వెనక్కి వంగిన పళ్ళు ఎరను జారిపోనివ్వవు. ఇంత పెద్ద ముద్ద నోట్లో ఉన్నప్పుడు ఊపిరి ఎట్లా? గాలిగొట్టం కొస బయటికి చాచుకుని ఉంటుంది. అందుకని మింగుతూనే ఊపిరి పీల్చుకోగలదు.

మింగిన ఎలుకలో ఎముకలు సైతం జఠరరసంలో కరిగిపోతాయి. వెంట్రుకలు, గోళ్ళు మాత్రం అరగక బయటికి వస్తాయి.

వారాల తరబడి ఉపవాసం

ఇప్పుడు నా రెండో ప్రశ్న. తిండి లేకుండా అది పది రోజులు ఎట్లా బతికింది?

మన ఒంటి వేడి ఎండాకాలమైనా, చలికాలమైనా సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు ఉంటుంది. మనం తిన్న ఆహారంలో చాలా భాగం ఈ వేడిని నిలపటానికే ఖర్చవుతుంది. పొయ్యి ఎప్పుడూ మండుతూ ఉండాలి. కనుక రోజుకు మూడు పూటలా కట్టెలు వేయాలి. పాము ఒంట్లో ఇటువంటి పొయ్యి లేదు. అది వేడిని ఎండ నుండి, నేల నుండి తీసుకుంటుంది. అంతే బరువున్న క్షీరదానికి కావలసిన ఆహారంలో పదో వంతు, లేదా అంతకన్నా తక్కువే దానికి చాలు.

ఒక లెక్క వేద్దాం. జెర్రిపోతు వారానికి ఒక ఎలుకను తిన్నదనుకుంటే ఏడాదికి 52 ఎలుకలు. పిల్లికి అయితే ఏ రోజు భోజనం ఆ రోజు కావలసిందే. పెద్ద కొండచిలువ ఒకసారి కడుపునిండా తింటే కొన్ని వారాలు, అవసరమైతే కొన్ని నెలలు ఉపవాసం ఉండగలదు.

ఉపవాస కాలంలో దాని ఒంట్లోని యంత్రాలు కూడా సగం మూతపడతాయి. పేగులు సన్నబడతాయి. మళ్ళీ ఆహారం దొరకగానే అవి పెరుగుతాయి. బర్మా కొండచిలువ భోజనం చేసిన రెండు రోజుల్లో దాని గుండె కండరం 40 శాతం పెరిగినట్లు 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అరగటం పూర్తికాగానే గుండె తిరిగి మామూలు పరిమాణానికి వస్తుంది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. అరగటానికి వెచ్చదనం కావాలి. చాలా పాములకు 30 డిగ్రీల సమీపంలో వేడి ఉంటే బాగా అరుగుతుంది. ఎర మింగిన పామును చల్లని చోట ఉంచితే, జఠరరసం పని మందగించి, కడుపులోని ఎలుక కుళ్ళటం మొదలవుతుంది. పాము దాన్ని కక్కేస్తుంది. 

ఇంతకీ అసలు సంగతి గమనించారా? ఆకలి వేస్తే కుక్కపిల్ల మూలుగుతుంది, దూడ అంబా అంటుంది. పాము అరవదు, అడగదు. వారాల తరబడి ఆకలితో ఉన్నా చూడటానికి మామూలుగానే ఉంటుంది. అడవిలో దాన్ని కాపాడే ఈ ఓపికే, మనిషి చేతిలో పడినప్పుడు దానికి కీడు చేస్తుంది. దాన్ని పట్టినవాడు "తిన్నది, బాగానే ఉన్నది" అని భ్రమపడతాడు. నేను పడినట్లే.

పాములవాడి బుట్టలో

ఇక పాములవాడి పాము సంగతి. నాగుపామును పట్టగానే కోరలు పీకేవారు. కొందరు నోరు కూడా కుట్టేసేవారు. కోరలు పీకిన నోరు పుండు పడుతుంది. అటువంటి పాము ఎలుకను పట్టలేదు, మింగలేదు. పండుగకు ముందు రోజుల తరబడి దానికి నీళ్ళు కూడా ఇచ్చేవారు కాదు. దప్పికతో గొంతు ఎండిపోయిన పాముకు ఏ ద్రవం కనబడినా మూతి పెట్టి తాగుతుంది. మీ తాత చూసింది ఇదే. అది భక్తితోనో, ఇష్టంతోనో తాగలేదు. దప్పికతో తాగింది. తాగిన పాలు అరగవు. అట్లా ఎన్నో నాగుపాములు పండుగ వెళ్ళిన కొద్దికాలానికే చచ్చిపోయేవి. వాటి స్థానంలో కొత్తవి బుట్టలోకి వచ్చేవి. ఎప్పుడూ ఒక పాము ఉండేది కనుక, చూసేవాళ్ళు అది ఒకే పాము అనుకునేవారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాములను పట్టటం, పెంచటం, ఆడించటం నేరం. పాములు పట్టి పొట్ట పోసుకునేవాళ్ళ ఆకలి మాటేమిటి అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దీనికి ఒక జవాబు చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఉన్నది. పాములు పట్టటంలో ఆరితేరిన ఇరుల గిరిజనులు 1978లో అక్కడ ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతితో విషసర్పాలను పట్టి, కొద్ది వారాలు మాత్రం ఉంచి, కొన్నిసార్లు విషం తీసి, మళ్ళీ వదిలిపెడతారు. ఆ విషంతోనే పాముకాటుకు మందు తయారవుతుంది. మన నెల్లూరు సీమలో యానాదులకు కూడా ఇటువంటి తెలివి ఉన్నది. ఏ గట్టులో ఎలుక కన్నం ఉన్నదో, ఏ కన్నంలో పాము దూరిందో వాళ్ళు మన్ను చూసి చెబుతారు.

తెలిసి పెంచేవాళ్ళు

జంతు ప్రదర్శనశాలల్లో పాములను చూసే పనివాళ్ళు ప్రతి పాముకూ ఒక పుస్తకం పెడతారు. ఏ తేదీన ఏం తిన్నది, ఎంత బరువున్నది, ఎప్పుడు కుబుసం విడిచింది, అన్నీ రాస్తారు. పాము ఆకలి చెప్పదు కనుక ఆ పుస్తకమే చెప్పాలి! కుబుసం విడిచే ముందు పాము కళ్ళు పాలు కలిపినట్లు తెల్లబడతాయి. అప్పుడు అది సాధారణంగా తిండి ముట్టదు. ఆ సంగతి తెలియనివాడు రోగమనుకుని కంగారుపడతాడు.

అమెరికాలో, ఐరోపాలో కొందరు కార్న్ స్నేక్, బాల్ పైథాన్ అనే విషం లేని పాములను ఇళ్ళలో పెంచుకుంటారు. అక్కడ చదివే మన తెలుగు పిల్లలు కొందరు తమ బడిలోనే చూసి ఉంటారు. వాటికి మంచుపెట్టెలో నిలవ చేసిన ఎలుకను కరిగించి, వెచ్చబరచి, పటకారుతో అందిస్తారు. పాము ఒంటిలో అన్నిటికన్నా లావైన చోటు ఎంతో, ఎలుక లావు దాదాపు అంతే ఉండాలని కొలత. బతికిన ఎలుకను పెట్టెలో వదలరు. పాము తినకపోతే ఎలుకే దాన్ని కొరికి గాయపరుస్తుంది. తిన్న తరువాత రెండు రోజులు పామును చేతిలోకి తీసుకోరు. మంచినీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉంచుతారు. పెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉంచి, తనకు కావలసిన చోట పడుకోనిస్తారు. చూశారా, ఎంత పని ఉన్నదో!

మనం చేయవలసింది

ఇదంతా చదివి ఎవరూ సీసా పట్టుకుని కాలువ గట్టుకు బయలుదేరవద్దు. చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం. ప్రాణం మీదికి వస్తుందన్నది మరొక కారణం. ఇళ్ళలో బల్లుల కోసం తిరిగే విషం లేని ఒక పాము అచ్చంగా కట్లపాములా చారలతో ఉంటుంది. పెద్దవాళ్ళే పొరబడతారు. ఆ రోజు నాకు దొరికింది నీరుకట్టె కావటం నా తెలివి కాదు, నా అదృష్టం.

ఇంట్లోకి పాము వస్తే దూరంగా నిలబడి, దాన్ని కనిపెడుతూ, అటవీశాఖ వారికో, శిక్షణ పొందిన పాములు పట్టేవారికో కబురు చేయాలి. ఎవరినైనా కరిస్తే కోయటం, గట్టిగా కట్టు బిగించటం, మంత్రాలు, పసర్లు ఏవీ వద్దు. కదలకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

పాము రాకూడదనుకుంటే దాని తిండి ఇంటి చుట్టూ లేకుండా చూసుకోవాలి. చెత్త ఉంటే ఎలుకలు, ఎలుకలుంటే పాము. నాగుల చవితినాడు పుట్ట దగ్గరికి వెళ్ళండి, దండం పెట్టుకోండి, చిమ్మిలి తినండి. పుట్టలో పోసే పాలు మాత్రం చీమలకే చేరతాయి. ఆ గ్లాసెడు పాలు పక్కింటి పసిబిడ్డకు ఇస్తే ఒంటబడతాయి.

పాము తినే తీరు గమనించాలని ఉంటే దాని చుట్టం మీ గోడ మీదే ఉన్నది. బల్లి కూడా సరీసృపమే. దీపం దగ్గరికి వచ్చే బల్లి గంటలో ఎన్ని పురుగులను పట్టిందో రాయండి. మే నెలలో ఒక వారం, డిసెంబరులో ఒక వారం లెక్క పెట్టండి. ఏ నెలలో ఎక్కువ తిన్నది? ఎందుకు? కారణం ఈ వ్యాసంలోనే ఉన్నది, వెతకండి.

నా నీరుకట్టె పిల్ల ఒక్క ఆకలితోనే చచ్చిపోయిందని నేననుకోను. ఎండకు కాగిన గాజు సీసా, నీళ్ళు లేని దప్పిక, అరగని పాలు, అన్నీ కలిసి దాన్ని చంపాయి. దానికి కావలసిన తోకకప్పలు, పరిగెలు నేను దాన్ని పట్టుకున్న చోటనే, ఆ కాలువలోనే ఉండినాయి. దాన్ని అక్కడే వదిలి ఇంటికి వచ్చి ఉంటే దాని భోజనం అదే చూసుకునేది.